రోటవేటర్ కొట్టించే ముందు తుంగను చూడండి

శంకర్‌పల్లి, చేవెళ్ల, షాద్‌నగర్, యాచారం వైపు పది గుంటలో అర ఎకరమో కొనుక్కుని, శని ఆదివారాలు వెళ్లి సొంత కూరగాయలు పండించుకోవాలనుకునే హైదరాబాద్ వాళ్లు చాలామందే ఉన్నారు. మృగశిర కార్తెలో తొలి చినుకు పడగానే వాళ్లందరికీ ఒకేసారి ట్రాక్టర్ గుర్తొస్తుంది. ఊళ్లో ట్రాక్టర్లేమో నాలుగైదు. అవి పత్తి చేలలో తీరిక లేకుండా తిరుగుతుంటాయి. దాంతో దొరికిన రోజు, దొరికిన పనిముట్టుతో దున్నించేసి అదే సాయంత్రం నారు కొనుక్కొస్తారు. ఆగస్టు వచ్చేసరికి టమాట మొక్క ఏదో, గడ్డి ఏదో తెలియని పరిస్థితి. ఆగస్టు కలుపులో సగానికి పైగా ట్రాక్టర్ తిరిగిన ఆ గంటలోనే నాటుకుంటుందని నా లెక్క.

అందుకే డ్రైవర్‌కు ఫోన్ చేసే ముందు ఒక పార తీసుకుని చేనంతా తిరగండి. నాలుగైదు చోట్ల జానెడు లోతు తవ్వి చూడండి. వెతకాల్సినవి రెండే: తుంగ, గరక. తుంగ కాడను వేళ్ల మధ్య తిప్పితే మూడు పలకలుగా తగులుతుంది. పీకితే ఆకు చేతికొస్తుంది, నల్లటి ముస్తె (చిన్న గడ్డ) లోపలే ఉండిపోతుంది. గరక నేల మీద పాకుతూ కణుపు కణుపుకూ వేరు వేస్తుంది, మట్టి లోపల కూడా తెల్లటి దుంపవేళ్లతో సాగుతుంది. ఈ రెండింటిలో ఏది ఉన్నా రోటవేటర్‌ను (గిర్రున తిరిగే కత్తులతో మట్టిని పొడి చేసే పనిముట్టు) చేలోకి రానివ్వకండి.

కారణం ఇదీ. తుంగ ముస్తెలు సన్నటి వేళ్లతో గొలుసులా ఒకదానికొకటి కలిసి ఉంటాయి. గొలుసు తెగనంత కాలం పైన మొలిచిన ముస్తె కింది వాటిని చాలావరకు నిద్రలోనే ఉంచుతుంది. రోటవేటర్ కత్తులు ఆ గొలుసును ముక్కలు చేసి చేనంతా చల్లుతాయి, ప్రతి ముక్కా సొంతంగా మొలకెత్తుతుంది. గరక కణుపులదీ అదే కథ. ఒక మూలన మంచమంత మేర ఉన్న తుంగ ఒక్క వానకు పది గుంటలూ పరుచుకోవడం వెనక ఇంతకు మించిన రహస్యమేమీ లేదు.

మరి డ్రైవర్ ఏమంటాడు? “నాగలి ఎందుకు సార్, రోటవేటర్ రెండుసార్లు కొడితే పిండి లెక్క అయితది.” అతని తప్పేమీ లేదు. అద్దె గంటల లెక్కన, చేను చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, డబ్బులిచ్చేవాళ్లు సంతోషపడతారు. “వద్దు అన్నా, తుంగ ఉంది, నాగలి వెయ్” అని ముందే ఫోన్‌లో తేల్చుకోండి. చేలోకి వచ్చాక పనిముట్టు మార్చమంటే ఎవరూ మార్చరు.

ఏప్రిల్, మే నెలల్లో ఒక మంచి వాన పడ్డాక రెక్క నాగలితో లోతుగా తిరగేయించి, పెడ్డలు పగలగొట్టకుండా అలాగే వదిలేయాలి. రెండు వారాలయ్యాక గొర్రుతో (కల్టివేటర్) అడ్డంగా మరోసారి. ముస్తెలు, గరక వేళ్లు పైకొచ్చి మన మే నెల ఎండకు ఎండుతాయి. నీడలో పడి ఉన్నవీ, తడి మట్టి అంటుకున్నవీ మాత్రం చావవు. కాబట్టి గొర్రుకు చిక్కినవాటిని ఏరించాలి. ఏరినవి గట్టు మీద పారేస్తే అక్కడే వేరు వేస్తాయి, పెంటకుప్పలో వేస్తే ఎరువుతో పాటు తిరిగొస్తాయి. బండ మీద పరిచి, పూర్తిగా ఎండాకే వదిలించుకోండి.

వేసవి దాటిపోయి, ఇది జూన్‌లో చదువుతున్నారా? అయితే మొత్తం చేను మీద ఆశ పెట్టుకోకండి. తుంగ తక్కువున్న రెండు మూడు గుంటల్లోనే కూరగాయలు పెట్టి, మిగతాదంతా జనుము ఒత్తుగా చల్లేయండి. తుంగకు నీడ గిట్టదు. జనుము గుబురుగా పెరిగితే అది నీరసిస్తుంది. నలభై అయిదు, యాభై రోజులకు పూత దశలో దున్నేస్తే పచ్చిరొట్ట ఎరువూ అవుతుంది. తొలి ఏడాది అర ఎకరం కలుపుతో కొట్లాడటం కంటే మూడు గుంటలు శుభ్రంగా పండించడమే గౌరవం.

గునుగు, అడవి తోటకూర, వయ్యారిభామ లాంటివి విత్తనంతో వచ్చేవి. వీటికి రోటవేటర్ పనికొస్తుంది, పూతకు రాకముందే కొట్టించాలి అంతే. గంగవాయిలి కూర ఎక్కువగా ఉంటే మాత్రం తడి నేలలో కొట్టించకండి, తెగిన ప్రతి కాడా మళ్లీ వేరు వేస్తుంది. గునుగు మీద నాకూ ప్రేమే. బతుకమ్మకు కావాలంటే గట్టున నాలుగు మొక్కలు ఉంచుకోవచ్చు. మడిలో ఉంచితే, కోసుకునే నాటికే కింది కంకుల నుంచి విత్తనం రాలిపోతుంది.

దున్నగానే నాటకండి. మడులు తయారుచేసి, ఒక తడి ఇచ్చి (వాన పడితే ఇంకా మంచిది) పది పదిహేను రోజులు ఆగండి. పైపొరలో ఉన్న కలుపు విత్తనం పచ్చగా మొలుస్తుంది. అప్పుడు గుంటకతోనో పారతోనో రెండు అంగుళాలకు మించని లోతులో గీకించి ఆ తర్వాత నారు పెట్టండి. లోతుగా కదిపితే అడుగున ఉన్న విత్తనాలు పైకొస్తాయి, చేసిన పనంతా వృథా. ఈ రెండు వారాల ఓపిక లేకే చాలామంది తర్వాత కూలీలకు డబ్బు పోస్తారు.

ట్రాక్టర్ ఏ రోజు దింపాలో వాన కాదు, మట్టి చెప్పాలి. జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి, నడుమెత్తు నుంచి వదలండి. పొడిగా విరిగితే పదును సరిపోయినట్టు. ముద్ద అలాగే ఉన్నా, వేళ్లకు జిగురుగా అంటుకున్నా ఆగాల్సిందే. ఎర్ర చల్క నేలయితే వాన వెలిసిన రెండు మూడు రోజులకు సాధారణంగా పదునుకొస్తుంది. చేవెళ్ల, వికారాబాద్ దిక్కు నల్లరేగడయితే ఇంకా ఎక్కువ ఆగాలి. తడి రేగడిలో ట్రాక్టర్ తిరిగితే చక్రాల కింద నేల గట్టిపడుతుంది, ఎండాక పెడ్డలు రాళ్లవుతాయి. వాలు ఉంటే వాలుకు అడ్డంగా దున్నించండి. హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాది వానలో దాదాపు ముప్పావు వంతు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడుతుంది, వాలు వెంట గీసిన ప్రతి సాలూ కాలువై మట్టిని మోసుకుపోతుంది.

ఇక బండి సంగతి. ట్రాక్టర్ వచ్చే ముందు రోజు చేనంతా నడిచి, బోరు నుంచి వచ్చే పైపు ఎక్కడ పాతారో, మోటారు కేబుల్ ఎటు పోయిందో చూసి కర్రలు పాతి గుడ్డలు కట్టండి. మన వైపు మట్టి కింద గ్రానైట్ గుండు ఎక్కడుంటుందో చెప్పలేం. తెలిసిన చోట్లా గుర్తు పెట్టండి. నాగలి రాయికి పట్టుకుని కదలకపోతే, డ్రైవర్ మొండిగా క్లచ్ వదిలితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. పాడుబడ్డ బావుల దరిదాపుల్లోకి వెళ్లనివ్వకండి, వాన నానిన ఒడ్డు బరువుకు జారుతుంది. వేలాడే కరెంటు తీగల కింద పనిముట్టు ఎత్తి తిప్పే చోటు ఉందో లేదో చూడండి.

పిల్లల్ని మడ్‌గార్డు మీద కూర్చోబెట్టి ఫొటోలు తీసే అలవాటు మనకు బాగా ఉంది. వద్దే వద్దు. జారితే పడేది పెద్ద చక్రం కిందో, రోటవేటర్ ముందో. ఇంజను నుంచి పనిముట్టుకు శక్తినిచ్చే, వెనక తిరిగే పీటీఓ షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది తిరుగుతుంది. చున్నీ కొస, చీర కొంగు, మెడలో తువ్వాలు చిక్కితే లాక్కునే సమయం ఉండదు. షాఫ్ట్‌కు తొడుగు లేని బండ్లు చాలానే తిరుగుతున్నాయి. అడిగి చూడండి, లేకపోతే కనీసం ఎవరినీ దగ్గరికి పోనివ్వకండి. రోటవేటర్‌కు గడ్డి చుట్టుకుంటే ఇంజను ఆపి, తాళంచెవి తీశాకే చెయ్యి పెట్టాలి. పని త్వరగా కావాలని డ్రైవర్‌ను తొందరపెట్టేది ఎక్కువగా మనమే.

ఇంకో మాట. మీ చేలో తుంగ లేకపోయినా పక్క ఊరి చేనులో ఉండొచ్చు. పనిముట్టుకు అంటిన మట్టిని మీ గేటు బయటే గీకి దులిపించండి. పది నిమిషాల పని.

పెంట విషయంలోనూ అంతే జాగ్రత్త. పచ్చి పేడలో పశువు తిన్న గడ్డి గింజలు చావకుండా ఉంటాయి. కుప్ప వేసి, తడిపి, తిరగేసి, నల్లగా పొడిపొడిగా మారాకే చేలోకి రావాలి. చెయ్యి పెడితే వేడిగా ఉన్న కుప్పను, ఎంత చవకైనా, ఇంకా ఆగనివ్వండి.

చేను కౌలుకిచ్చి ఉంటే, ముందు ఏ పంట వేశారో, ఏ మందు కొట్టారో అడగండి. మొక్కజొన్నలో వాడే కలుపు మందు అట్రజిన్ నేలలో కొన్ని నెలలు నిలుస్తుంది. చిక్కుడు, దోస, టమాట దానికి తట్టుకోవు. అనుమానముంటే ఆ మట్టిని కుండీలో నింపి దోస గింజలు పెట్టి మూడు వారాలు చూడండి. ఆకు అంచులు పసుపెక్కి మాడితే ఆ సీజన్ కూరగాయల మాట మరిచిపోండి.

కలుపు మందు కొట్టేస్తే పోదా అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. పది రకాల కూరగాయలు కలిసి ఉన్న మడిలో, అన్నింటినీ వదిలి కలుపునే చంపే మందు లేదు. గ్లైఫోసేట్ పడితే టమాట, తుంగ అనే తేడా లేకుండా మాడుస్తుంది. దాని వాడకాన్ని చీడల నివారణ (పెస్ట్ కంట్రోల్) ఆపరేటర్లకే పరిమితం చేస్తూ కేంద్రం 2022 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది కూడా. పక్క చేలో 2,4-డి అనే కలుపు మందు కొడుతుంటే గాలి ఎటు వీస్తోందో చూసుకోండి, ఆ ఆవిరికే టమాట ఆకులు మెలితిరుగుతాయి. ముందే మాట్లాడుకుంటే గాలి లేని పొద్దున్నే కొట్టుకుంటారు.

తొలి ఏడాది ఉల్లి, క్యారెట్, కొత్తిమీర జోలికి పోకండి. వాటి ఆకు నేలను కప్పదు, కలుపుకు పూర్తి వెలుతురు. తోటకూర చల్లితే అడవి తోటకూర అందులోనే దాక్కుంటుంది. నారు పోసి నాటే టమాట, వంకాయ, మిర్చి మంచివి. సొర, గుమ్మడి, బొబ్బర్లు నేలను త్వరగా కప్పేస్తాయి. ఏది వేసినా సాలుగా వేయండి. పవర్ వీడర్ (కలుపు తీసే చిన్న యంత్రం) అద్దెకు తెచ్చే ఆలోచన ఉంటే ముందు దాని వెడల్పు టేపుతో కొలిచి, దానికి జానెడు కలిపి సాళ్ల మధ్య దూరం పెట్టుకోండి.

నాటిన మొదటి ముప్పై, నలభై అయిదు రోజులే అసలు పోటీ. పదిహేను, ఇరవై రోజుల మధ్య మొదటి కలుపు, నెల దాటగానే రెండోది. వాన వదలట్లేదని ఒక వారం ఆగితే పని రెండింతలవుతుంది. నారు నాటాక సాళ్ల మధ్య ఎండు వరిగడ్డి మూడు అంగుళాలు పరిస్తే విత్తనపు కలుపు బాగా తగ్గుతుంది. గింజ రాలని గడ్డి చూసి తెచ్చుకోండి. నేలను కప్పే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు (25, 30 మైక్రాన్లది) కూడా బాగానే పనిచేస్తుంది, తుంగ మీద తప్ప. తుంగ మొన షీటును సూదిలా పొడుచుకుని బయటికొస్తుంది.

కలుపు తీసేటప్పుడు మోకాలి కింద దాకా బూట్లు, చేతికి గ్లవ్స్ ఉండాలి. గడ్డి కుప్పలను చేత్తో కాక కర్రతో ముందు కదపండి. వానాకాలం కట్లపాము, రక్తపింజరి చేలలో తిరుగుతాయి. కాటు పడితే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, మంత్రం ఏవీ వద్దు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి చేరండి. ఉరుము వినిపిస్తే ట్రాక్టర్ మీదా, చెట్టు కిందా కాదు, గదిలోకి వెళ్లండి.

వయ్యారిభామ వల్ల కొందరికి దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం వస్తాయి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. మీ చేలో ఒక్కటి లేకపోయినా పక్క ఖాళీ ప్లాటు నిండా ఉంటే ఏటా గాలికీ నీటికీ అదే వస్తుంది. ఆ ప్లాటు యజమాని ఏ అమెరికాలోనో ఉంటాడు, నంబరు ఊళ్లో ఎవరి దగ్గరో ఉంటుంది. అడిగి మాట్లాడి, ఒప్పుకుంటే మీ కూలీలతోనే కంచె వెంట నాలుగు గజాల మేర, తెల్లపూత రాకముందే, వాన నానిన నేలలో వేరుతో సహా పీకించండి.