ముందు చీటీలు రాయించండి

పదో తరగతి పిల్లలకు హెచ్‌ఐవీ గురించి చెప్పాలంటే మొదట వాళ్ల సందేహాలు చీటీల మీద రాయించండి, పేర్లు లేకుండా. కావలిలో మా వీధి పిల్లలతో ఖాళీ హార్లిక్స్ సీసాలో వేయించాను. నాలుగు మడతలు పెట్టిన ఒక చీటీలో 'దోమ కుడితే వస్తుందా ఆంటీ?' అని ఉంది. రాదు, దోమ ఒంట్లో ఆ వైరస్ బతకదు. ఒకే కంచంలో తిన్నా రాదు. కండోమ్ లేని సెక్స్, ఒకరికి వాడిన సూది, వైరస్ ఉన్న రక్తం ఎక్కించడం, తల్లి నుంచి బిడ్డకు... ముఖ్యంగా ఇవీ దారులు. 'సెక్స్' అన్నచోట మీరు గొంతు తగ్గిస్తే పిల్లలు కిసుక్కుమంటారు (నాకూ అయింది). హెచ్‌ఐవీ అంటే వైరస్, ఎయిడ్స్ అంటే అది ముదిరిన దశ. రోజూ మందులు వాడితే అక్కడిదాకా పోనక్కర్లేదు. సిగ్గుపడి అడగని పిల్లలకు ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 టోల్‌ఫ్రీ నంబరు రాసివ్వండి.