చలికాలంలో పక్షుల ఫొటోలు: మంచూ పడాలి, పిట్టా బెదరకూడదు

చలికాలంలో పిట్ట బంతిలా గుండ్రంగా కనిపిస్తే అది బలిసిందని కాదు. ఈకలు ఉబ్బించి, మధ్యలో గాలిని పట్టి ఉంచి, ఒంటి వేడి కాపాడుకుంటోంది. రాత్రంతా ఖర్చయిన శక్తిని కొద్ది గంటల పగట్లోనే తిని పూడ్చుకోవాలి. మనం దాన్ని ఒక్కసారి ఎగరగొట్టినా ఆ మేరకు నష్టమే. కాబట్టి వెంటపడి తీయొద్దు. అది మేతకొచ్చే చోటు చూసుకుని, తెల్లవారకముందే వెళ్లి కూర్చోండి.

పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా వాలతాయి, ఎదురుగానే లేస్తాయి. గాలీ, ఎండా రెండూ మీ వీపు వైపు ఉంటే పిట్ట ముఖం, కంట్లో మెరుపు రెండూ దొరుకుతాయి. కారు మంచి మాటు. అయితే ఇంజనూ, హీటరూ ఆపేసి, లోపలి వేడి బయటికి పోయేదాకా ఆగండి. కిటికీ దగ్గర వేడిగాలి, చల్లగాలి కలిసే చోట గాలి అలల్లా ఊగుతుంది. ఫోకస్ సరిగ్గా ఉన్నా ఈకలు అలికినట్టు రావడానికి చాలాసార్లు కారణం ఇదే, లెన్స్‌ది తప్పు కాదు.

కూర్చున్న పక్షికి షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) 1/500 సెకను, గెంతుతూ ఉండే చిన్న పిట్టలకు 1/1250, ఎగిరేవాటికి 1/2000 పెట్టండి. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/5.6 నుంచి ఎఫ్/8. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెరిగితే పెరగనివ్వండి. దానివల్ల వచ్చే నాయిస్‌ని, అంటే ఇసుక చల్లినట్టుండే చుక్కల్ని, తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన కన్నును బాగుచేయలేం.

అసలు చిక్కంతా ఎక్స్‌పోజర్ (ఫొటోలో పడే వెలుగు మోతాదు) దగ్గరే. ఫ్రేమ్ నిండా తెల్లటి మంచు ఉంటే కెమెరా మీటర్ దాన్ని బూడిదరంగుకు దించేస్తుంది, పిట్ట నల్లగా ముద్దలా మిగులుతుంది. మీటర్ లెక్కను మనం పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +1తో మొదలుపెట్టి, హిస్టోగ్రామ్ (చీకటిని ఎడమన, వెలుగును కుడిన చూపే గ్రాఫ్) కుడి అంచుకు దగ్గరగా, దాన్ని తాకకుండా ఉండేలా చూసుకుంటూ +1.7 దాకా వెళ్లండి. నల్లటి నీళ్ల మీద తెల్ల కొంగ ఉంటే లెక్క తిరగబడుతుంది: -0.7, ఒక్కోసారి -1. వెలుగు నిలకడగా ఉంటే ఐఎస్ఓతో సహా అన్నీ మాన్యువల్‌లో బిగించేయడం మేలు. పిట్ట మంచు మీంచి ఎగిరి, దాని వెనక చీకటి చెట్లు వచ్చినా దాని మీద ఎండ మారదు కదా. నీడలో మంచు నీలంగా పడుతుంది, అందుకే రంగును తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుండే రా ఫైల్ (RAW) తీయండి.

మంచు కురుస్తుంటే ఫోకస్ మంచు రేకుల మీదికి దూకుతుంది. అప్పుడు ఒకే చిన్న ఫోకస్ పాయింట్‌ని కంటి మీద ఉంచండి.

600 ఎంఎం లెన్స్‌తో ఫ్రేమంతా పక్షినే నింపితే అందులో చలికాలమే ఉండదు. 100–200 ఎంఎంతో కూడా తీయండి: గడ్డకట్టిన నీటి అంచున మెడ ముడుచుకుని ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, పక్కన మంచు పేరుకున్న రెల్లు, చుట్టూ ఖాళీ. వెనక చీకటిగా ఉండి, ఎండ పక్షి వెనకనుంచి వస్తుంటే కూత పెట్టినప్పుడు ముక్కులోంచి లేచే ఆవిరి కూడా పడుతుంది.

మేత ఆపి మెడ నిక్కించినా, ఉబ్బిన ఈకలు ఒంటికి అణుచుకున్నా అది మిమ్మల్ని చూసి బెదిరిందన్నమాట. కదలకండి. అప్పటికీ సర్దుకోకపోతే మెల్లగా వెనక్కి రండి.

చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. రెండోది లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి. దిగిపోయినదాన్నీ అక్కడే వెచ్చబరిస్తే ఇంకొన్ని ఫొటోలకు పనికొస్తుంది. లెన్స్ మీద మంచు పొడిని నోటితో ఊదొద్దు, ఊపిరి తేమ అక్కడే గడ్డకడుతుంది. బ్లోవర్ (చేత్తో నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) వాడండి. లోపలికి వెళ్లే ముందు, ఇంకా బయట చలిలో ఉండగానే మెమరీ కార్డు తీసుకుని, కెమెరాను గాలి చొరబడని సంచిలో పెట్టి మూసేయండి. గంటో రెండు గంటలో గది వేడికి వచ్చాకే తెరవండి. ముందే తెరిస్తే లెన్స్ లోపల కూడా తేమ పడొచ్చు.