తాగనివారూ తెలుసుకోవలసిన కాలేయ జాగ్రత్తలు

ఆషాఢం వచ్చి గోల్కొండలో బోనాలు మొదలయ్యే నాటికి హైదరాబాద్‌లో వానలు ఊపందుకుంటాయి, వాటితోపాటే ఇళ్లలో నీళ్లు కాచి తాగడం, కామెర్ల గురించి భయపడటం కూడా మొదలవుతాయి. నీళ్లు కాచుకోవడం మంచిదే. అయితే కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్ (వైరస్ వల్ల కాలేయానికి వచ్చే వాపు) ‘ఏ’ (A), ‘ఈ’ (E) రకాలు కొన్ని వారాలు బాధపెట్టి చాలామందిలో పూర్తిగా తగ్గిపోతాయి. గర్భిణులకు ‘ఈ’ (E) రకం ప్రమాదకరమే గాని, ఈ రెండూ కాలేయ క్యాన్సర్‌కు దారితీసేవి కావు. ఆ ముప్పు ఉన్నవి బి, సి రకాలు. అవి రక్తం ద్వారా వస్తాయి, చాలామందిలో ఒక్కసారైనా కళ్లు పచ్చబడకుండానే 20, 30 ఏళ్లు కాలేయంలో దాగి ఉంటాయి. వానాకాలంలో ఎలాగూ లివర్ గురించి మాట్లాడుకుంటాం, జూలై 28న వచ్చే ప్రపంచ హెపటైటిస్ దినం కూడా ఈ రోజుల్లోనే పడుతుంది కనుక, ఇంటిల్లిపాదీ ఒకసారి పరీక్షలు చేయించుకోవడానికి ఇంతకంటే అనువైన సందర్భం ఉండదు.

“మా ఇంట్లో ఎవరికీ తాగే అలవాటు లేదు, లివర్ జబ్బులు మాకెందుకు వస్తాయి” అనే ధీమా మన మధ్యతరగతి కుటుంబాల్లో బలంగా ఉంది. మద్యం ముఖ్యమైన కారణమే, కాని అనేక కారణాల్లో అదొకటి మాత్రమే. కాలేయ క్యాన్సర్ ఎక్కువగా అప్పటికే ఏళ్ల తరబడి దెబ్బతిని, గట్టిపడి, మచ్చలు కట్టిన కాలేయంలో, అంటే సిర్రోసిస్ ఉన్నవారిలో పుడుతుంది. ఆ దెబ్బ సీసాలోంచి వచ్చిందా, వైరస్ వల్ల వచ్చిందా, పేరుకున్న కొవ్వు వల్ల వచ్చిందా అన్న తేడా కాలేయానికి పెద్దగా ఉండదు.

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది హెపటైటిస్ బి, ఎందుకంటే ఇది సిర్రోసిస్ లేకుండా కూడా క్యాన్సర్ తెప్పించగలదు. తల్లి నుంచి పసిబిడ్డకు సోకితే సుమారు 90 శాతం మందిలో అది జీవితాంతం నిలిచిపోతుంది. పెద్దయ్యాక సోకినవారిలో అలా నిలిచిపోయేది 5 శాతం లోపే. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి టీకా పడాలి, తర్వాత 6, 10, 14 వారాలకు మిగిలిన మోతాదులు వేయించాలి. ఈ విషయంలో మన నగరానికి ఒక ప్రత్యేకత ఉంది: దేశీయంగా తయారైన మొట్టమొదటి రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో చేసిన) హెపటైటిస్ బి టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తీసుకువచ్చింది, అంతవరకు విదేశాల నుంచి వచ్చే ఖరీదైన టీకాయే గతి. ఇంత దగ్గర తయారైనా, నడివయసువారిలో చాలామందికి ఇది పడలేదు, ఎందుకంటే దేశమంతటా పిల్లల ఉచిత టీకాల్లో ఇది చేరింది 2011 ప్రాంతంలోనే. పెద్దలు ముందుగా హెచ్‌బీఎస్‌ఏజీ అనే రక్తపరీక్ష చేయించుకుని, వైరస్ లేదని తేలితే, డాక్టరు సలహాతో 6 నెలల వ్యవధిలో మూడు మోతాదులు వేయించుకోవచ్చు.

ఈ వైరస్ శరీరం బయట కూడా కనీసం 7 రోజులు సజీవంగా ఉంటుంది. పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడైనా, గల్లీలోని సెలూన్‌లో గడ్డం గీయించుకునేటప్పుడైనా బ్లేడు మన కళ్ల ముందు కొత్తది మార్చాలని అడగడానికి మొహమాటపడనవసరం లేదు. పచ్చబొట్టు, ముక్కు కుట్టించడం, ఇంజెక్షన్ సూది, ఇంట్లో ఒకరి రేజరు మరొకరు వాడటం కూడా ఈ కోవలోకే వస్తాయి. కలిసి కూర్చుని భోంచేస్తే, కౌగలించుకుంటే ఇది అంటదు. పాజిటివ్ వచ్చిన కోడలికి వేరే కంచం పెట్టడం క్రూరత్వం, దానివల్ల ఎవరికీ రక్షణ లేదు. జీవిత భాగస్వామికి మాత్రం పరీక్ష, అవసరమైతే టీకా తప్పనిసరి. మందులు మొదలుపెట్టినవారు వాటిని తమంతట తాము ఆపకూడదు.

హెపటైటిస్ సికి టీకా లేదు గాని, సాధారణంగా 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా రోగుల్లో పూర్తిగా నయమవుతుంది. చాలా ఏళ్ల కిందట రక్తం ఎక్కించుకున్నవారు, డయాలసిస్ మీద ఉన్నవారు హెపటైటిస్ సి పరీక్షను అశ్రద్ధ చేయరాదు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద బి, సి రెండిటికీ పరీక్షలు, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం.

ఇక కొవ్వు సంగతి. స్కానింగ్ కాగితంలో “గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్” అని రాసి ఉంటే “ఈ రోజుల్లో అందరికీ ఉండేదే” అని ఆ కాగితాన్ని బీరువాలో పడేస్తాం. చాలామందిలో అది ముదరదన్నది నిజమే. కాని దానికి మధుమేహం, పెద్ద పొట్ట తోడైతే కాలేయంలో మచ్చలు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. రోజంతా కుర్చీకి అతుక్కుని, రాత్రి 11 గంటలకు బిర్యానీ తెప్పించుకునే మాదాపూర్ ఉద్యోగి మద్యం ముట్టకపోయినా ఈ లెక్కలోకి వస్తాడు. మచ్చలు పడ్డాయా లేదా అన్నది వయసు, రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్యతో డాక్టరు అంచనా వేయగలరు. అనుమానం ఉంటే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ రాస్తారు. బరువు 7 నుంచి 10 శాతం తగ్గితే కాలేయంలోని కొవ్వు, వాపు చెప్పుకోదగినంతగా తగ్గుతాయి. కాఫీ తాగేవారిలో కాలేయ క్యాన్సర్ తక్కువని అనేక అధ్యయనాల్లో కనిపించింది. మన చక్కెర పాకం లాంటి ఇరానీ చాయ్‌కి ఆ గౌరవం దక్కలేదు.

వానాకాలంలో వంటింట్లో వెతకవలసిన శత్రువు బూజు. తేమ తగిలిన పల్లీలు, మక్కలు, ఎండుమిరపకాయల్లో ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాల్లో బూజుపట్టిన మక్కలు తిని 100 మందికి పైగా మరణించినప్పుడు, దాన్ని శోధించినది మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. అంత పెద్ద మోతాదు ఇళ్లలో అరుదు. కొద్దికొద్దిగా ఏళ్లపాటు లోపలికి పోవడమే క్యాన్సర్‌కు కారణం, హెపటైటిస్ బి కూడా ఉన్నవారిలో ఆ ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. వేయిస్తే, ఉడికిస్తే ఈ విషం పూర్తిగా పోదు. కాబట్టి పల్లీలను నెలకు సరిపడా మాత్రమే కొని, మూత గట్టిగా ఉన్న పొడి డబ్బాలో పెట్టాలి. ముడుచుకున్నవి, రంగు మారినవి, నోట్లో వేసుకోగానే చేదు తగిలినవి చట్నీలో కలపకుండా పారేయాలి. గానుగ నూనె ఆడించేవారు గింజలను స్వయంగా ఏరించడం మంచిది, ఎందుకంటే శుద్ధి చేయని నూనెలోకి ఈ విషం దిగవచ్చు. బూజుపట్టిన వాటిని పశువులకు వేయడమూ పరిష్కారం కాదు, అది పాలలో తిరిగి మన ఇంటికే వస్తుంది.

సిగరెట్టు, బీడీ కూడా ఈ ముప్పును పెంచుతాయి. జిమ్‌లో కండల కోసం ఇచ్చే స్టెరాయిడ్లు కాలేయంలో గడ్డలు పుట్టించగలవు. కామెర్లకు పసరు మందు తాగి రక్తపరీక్ష వాయిదా వేసేవారు, అసలు కారణం తెలుసుకునే అవకాశాన్ని పోగొట్టుకుంటారు.

సిర్రోసిస్ ఉన్నవారు, హెపటైటిస్ బి ఉన్నవారిలో డాక్టరు సూచించినవారు 6 నెలలకొకసారి కడుపు అల్ట్రాసౌండ్ తప్పక చేయించుకోవాలి. సిర్రోసిస్ వచ్చాక హెపటైటిస్ సి నయమైనవారికీ ఇది వర్తిస్తుంది. నొప్పి, బరువు తగ్గడం, కడుపులో నీరు చేరడం కనిపించే వేళకు గడ్డ చాలాసార్లు పెద్దదై ఉంటుంది. చిన్నగా ఉన్నప్పుడు దొరికితే కోసి తీయడం, వేడితో మాడ్చడం, కాలేయ మార్పిడి వంటి దారులు ఉంటాయి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు పాత స్కానింగ్ కాగితాలు, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లి, తోబుట్టువుల్లో, తల్లి వైపు వారిలో ఎవరికైనా కాలేయ జబ్బు ఉంటే ఆ సంగతి అడగకముందే చెప్పండి.