ఫ్రెంచ్ ఉచ్చారణ, 7వ పాఠం: సున్నా పలికితే నాలుక తగలకూడదు

పోయినసారి ఫ్రెంచ్ తత్వవేత్త దెరిదా మాట 'దిఫెరాఁస్' ఇచ్చాను కదా, మీరు పంపిన వాయిస్ మెసేజ్‌లు విన్నాను. 'డి' అన్నవాళ్లు తగ్గారు, చివర 'సు' తగిలించినవాళ్లూ తగ్గారు, సంతోషం. కానీ దాదాపు అందరూ 'రాన్స్' అనే అన్నారు. కొత్త మాటతోనే ఈ 'న్' సంగతి తేల్చేద్దాం.

మాట: రసాఁతిమాఁ (ressentiment). ఎదుటివాణ్ని ఏమీ చేయలేక లోపల్లోపల కక్షతో కుతకుతలాడటం. నైతికత పుట్టుపూర్వోత్తరాల మీద 1887లో జర్మన్ తత్వవేత్త నీషే రాసిన పుస్తకం జర్మన్‌లో ఉన్నా, ఈ మాటను మాత్రం ఫ్రెంచ్‌లోనే ఉంచేశాడు.

రాతలో పంక్తి చివర విరగ్గొడితే గీత రెండు ఎస్‌ల మధ్య పడుతుంది. నోట్లో ఆ రెండూ కలిసి ఒకటే 'స': ర-సాఁ-తి-మాఁ. జంట హల్లు ముందు ఈ (e) అక్షరం వస్తే మామూలుగా 'ఎ' పలుకుతుంది, 'ఎసాఁస్' (essence) లాగా. ఇక్కడ 'ర' అనే ఉపసర్గ 'సాఁతిర్' క్రియకి అతుక్కుంది కాబట్టి పెదాలు కాస్త ముందుకు పెట్టిన పొట్టి 'ర' గానే ఉంటుంది. ఎస్ ఒక్కటే రాస్తే అచ్చుల మధ్య ఇంగ్లిష్ జెడ్ శబ్దం అయిపోతుందని రెండు రాస్తారు, అంతే. చివరి టీ పలకదు, అది మీకు తెలిసిందే.

ఇక అసలు గొడవ. మన సున్నా పక్క అక్షరాన్ని బట్టి వేషం మారుస్తుంది. సంత అంటే 'న్', సంపద అంటే 'మ్', పంకా అంటే గొంతు దగ్గర ఇంకోటి. ఇదంతా మనకి తెలియకుండానే జరిగిపోతుంది. అందుకే 'సాఁ' తర్వాత 'తి' ఉందని తెలియగానే నాలుక ముందే పళ్లకి అంటుకుని 'సాంతి' అనేస్తుంది, ఇంకేముంది, సంతకెళ్లినట్టే. ఫ్రెంచ్‌లో అక్కడ హల్లు అసలు లేదు, ఉన్నది ముక్కులోంచి వచ్చే అచ్చు మాత్రమే. హిందీ 'హాఁ' గుర్తు తెచ్చుకోండి. 'సాఁ' అని ఆగండి. నాలుక కొన కింది పళ్ల వెనక బద్ధకంగా పడి ఉందా? ఉంటే అప్పుడు 'తి'. 'పాఁదాఁ', 'ఆఁఫాఁ', 'లాఁతమాఁ' కూడా అంతే. 'ఆఫీసు'లో ఫ ఎలా అంటారో 'ఆఁఫాఁ'లోనూ అలాగే, పెదాలు రెండూ మూయొద్దు. పారిస్‌వాళ్ల 'ఆఁ' కొంచెం 'ఓ' వైపు జారుతుంది, నాకైతే అదే ఇష్టం, సాంబారులో 'సా' కంటే అదే నయం.

అభ్యాసం: 'సాఁ రసాఁతిమాఁ', అంటే కక్ష లేకుండా. ముందు ముక్కముక్కగా, తర్వాత గబగబా. మామూలు మాటల్లో ఆ పొట్టి 'ర'లో అచ్చు ఎగిరిపోయి 'లర్సాఁతిమాఁ' అంటారు, మొదటి 'ల' ఆర్టికల్. రెండూ ఫోన్‌లో రికార్డు చేసి వినండి, ఎక్కడైనా 'న్' వినిపిస్తే మళ్లీ మొదటికి రండి. 'న్' ఉన్న రికార్డింగ్ నాకు పంపొద్దు.