గ్యాస్ జనరేటర్‌కి పైపులైన్ వేయించడం ఎలా?

విజయవాడ అపార్ట్‌మెంట్లలో జనరేటర్ అనగానే అందరి చూపూ సెల్లార్ మీదికే పోతుంది. గ్యాస్ జనరేటర్‌కి మాత్రం ఆ చోటు అసలు పనికిరాదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు. లీకైతే నేలబారుగా పాకి సెల్లార్‌లో, సంపులో, డ్రైనేజీలో నిలిచిపోతుంది. ఆ తర్వాత ఎవరో లైటు స్విచ్ వేస్తే చాలు.

కాబట్టి ముందు చోటు చూసుకోండి. సిలిండర్లు, జనరేటర్ రెండూ ఆరుబయటే ఉండాలి. కిటికీలకు, మ్యాన్‌హోళ్లకు దూరంగా పెట్టాలి. ఇంజిన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, లోపలికొచ్చినా తెలియదు. కింద సిమెంటు దిమ్మె ఎత్తుగా కట్టించండి. ఎంత ఎత్తు కావాలో 2024 సెప్టెంబరులో బుడమేరు వరద చూసిన సింగ్‌నగర్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఇంధనం. వంటింటి 14.2 కిలోల సిలిండర్‌ని దీనికి వాడటం నిబంధనలకు విరుద్ధం. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు తీసుకోవాలి. నిల్వ 100 కిలోలు దాటితే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు కావాలి. ఒక్క సిలిండర్ నుంచే గ్యాస్ ఎక్కువగా లాగితే అది చల్లబడి, పైన మంచు పట్టి, ప్రెషర్ పడిపోతుంది. అందుకే రెండు మూడింటిని మానిఫోల్డ్‌తో, అంటే అన్నిటి గ్యాస్‌నీ ఒకే లైన్లోకి తెచ్చే పైపుతో, కలుపుతారు. వాటిని నిలువుగానే ఉంచాలి. పడుకోబెడితే ద్రవమే లైన్లోకి వచ్చేస్తుంది.

పైపుల గ్యాస్ ఉన్నవాళ్లకి చిక్కు మరోలా ఉంటుంది. ఇళ్లకు పెట్టే చిన్న మీటరు గంటకు 2.5 ఘనపు మీటర్ల వరకే ఇస్తుంది. 5 కేవీఏ జనరేటర్ ఫుల్ లోడులో దాదాపు అంతా లాగేస్తుంది, వంటింట్లో పొయ్యి ఆరిపోవచ్చు. "పొయ్యి లైన్‌కే ఒక టీ జాయింటు వేసేద్దాం సార్" అనే ప్లంబర్‌ని మర్యాదగా పంపించేయండి. జనరేటర్ లోడు ఎంతో చెప్పి, పైపుల గ్యాస్ ఇచ్చే భాగ్యనగర్ గ్యాస్ కంపెనీ వాళ్ల అనుమతి తీసుకోండి. ఎల్‌పీజీకి సెట్ చేసిన జనరేటర్‌ని మార్పులు చేయకుండా పైపుల గ్యాస్‌కి కలపకూడదు.

పైపు పని అనుభవమున్న గ్యాస్ ఫిట్టర్‌కే ఇవ్వండి. జీఐ పైపైనా రాగి పైపైనా గోడలో పూడ్చకుండా పైకి కనపడేలా వేయించాలి. ఇళ్లకొచ్చే పైపుల గ్యాస్ ప్రెషర్ 21 మిల్లీబార్లే. పొడవు, మలుపులు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది కాబట్టి పైపు సైజు లెక్క కట్టి వేయాలి. లైన్లో చేత్తో తిప్పే వాల్వు, ఫిల్టరు, రెగ్యులేటరు ఉండాలి. ఇంజిన్ ఆగగానే గ్యాస్‌ని ఆపేసే సోలెనాయిడ్ వాల్వు కూడా తప్పనిసరి. ఖర్చు తగ్గించాలనుకుంటే ఇంకెక్కడైనా తగ్గించండి. ఇంజిన్ అదురుకి జాయింట్లు వదులవకుండా చివర్లో ఐఎస్ఐ మార్కున్న గ్యాస్ గొట్టం వేయిస్తారు. ఎర్తింగ్ వైరు మాత్రం గ్యాస్ పైపుకి కట్టనివ్వకండి.

గ్యాస్ వదిలే ముందు ఇంజిన్ వైపు మూసి, లైన్లో గాలి నింపి గేజ్ ముల్లు కదలకుండా నిలుస్తోందో లేదో చూడాలి. గ్యాస్ వదిలాక ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు రాయండి, బుడగలొస్తే లీకున్నట్టే. అగ్గిపుల్లతో చూసే పద్ధతి వద్దే వద్దు. ఆఖరుకి ఏసీ, మోటారు కలిపి ఫుల్ లోడు పెట్టి, పొయ్యి కూడా అదే మీటరు మీద ఉంటే దాన్నీ వెలిగించి చూడండి.

ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా, దగ్గర్లో ఉంటే వాల్వు కట్టేసి, అందరూ బయటికి రండి. దూరంగా వచ్చాకే ఫోన్ చేయండి. ఎల్‌పీజీకైతే నంబరు 1906.