ఫుట్‌బాల్ రిఫరీకి మార్కులు వేయడం ఎలా?

మ్యాచ్‌కి వచ్చినవాళ్లంతా ఆటగాళ్లను చూస్తారు. అబ్జర్వర్ మాత్రం రిఫరీని చూస్తారు. మన దగ్గర అసెసర్ అనే మాట కూడా వాడతారు. రిఫరీ పై స్థాయి మ్యాచ్‌లకు వెళ్లాలంటే అబ్జర్వర్ వేసే మార్కులు చాలా ముఖ్యం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ఆయన కొడుకు ఎస్.ఎస్. హకీమ్ ఫిఫా రిఫరీ అయ్యారు. అలాంటి రిఫరీలు మళ్లీ రావాలంటే లీగ్ మ్యాచ్‌ల దగ్గరే న్యాయంగా మార్కులు వేసేవాళ్లుండాలి. కొత్తగా ఈ పని నేర్చుకునేవారు ఇలా మొదలుపెట్టవచ్చు.

ముందుగా చోటు చూసుకోండి. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలాంటి చోటైతే మధ్య గీతకు ఎదురుగా, పై వరుసలో కూర్చోండి. గ్యాలరీ లేని గ్రౌండ్ అయితే జట్ల బెంచీలకు అవతలి వైపు, పిల్లల తల్లిదండ్రులకు దూరంగా నిలబడండి. పక్కవాళ్ల అరుపులు మీ నోట్స్‌లోకి రాకూడదు.

ఆట మొదలయ్యాక ప్రతి ముఖ్యమైన ఘటననూ నిమిషంతో సహా రాయండి. "34వ నిమిషం, నీలం జట్టు 6వ నంబర్, వెనక నుంచి టాకిల్, కార్డ్ లేదు, రిఫరీ దూరంగా, మధ్యలో ఇద్దరు అడ్డం." ఈ మాత్రం చాలు. రిఫరీ ఎక్కడున్నారో తప్పకుండా రాయాలి. నిర్ణయం తప్పడానికి కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. దగ్గరగా ఉన్నా అడ్డం ఉంటే ఏమీ కనబడదు. కాస్త దూరమైనా పక్క కోణం నుంచి తేటగా కనబడుతుంది.

అసలు పరీక్ష ఫౌళ్ల దగ్గర. అజాగ్రత్తగా చేసిన టాకిల్‌కి ఫ్రీకిక్ చాలు. ఎదుటివాడికి ప్రమాదమని పట్టించుకోకుండా దూకితే ఎల్లో కార్డ్. మితిమీరిన బలంతో దెబ్బ తగిలేలా వస్తే రెడ్. స్పష్టమైన గోల్ అవకాశాన్ని ఫౌల్‌తో అడ్డుకుంటే కూడా రెడ్డే, అది అలాంటి అవకాశమేనా అని తేల్చడానికి నాలుగు చూడాలి: గోల్‌కి ఎంత దూరం, ఆట ఎటు వెళ్తోంది, బంతి అందే అవకాశముందా, డిఫెండర్లు ఎక్కడ, ఎంతమంది. ఆ ఫౌల్ పెనాల్టీ బాక్స్‌లో, బంతి కోసం నిజంగా ప్రయత్నిస్తూ చేసిందైతే పెనాల్టీతో పాటు ఎల్లో మాత్రమే. ఇక్కడ పొరబడే అబ్జర్వర్లు రిఫరీకి అన్యాయం చేస్తారు, కాబట్టి రూల్ పుస్తకం దగ్గరుంచుకోండి. 2025లో వచ్చిన మార్పులు కూడా చదవండి. గోల్‌కీపర్ బంతిని ఎనిమిది సెకన్లకు మించి పట్టుకుంటే ఇప్పుడు ఎదుటి జట్టుకు కార్నర్. చివరి ఐదు సెకన్లూ రిఫరీ చెయ్యెత్తి లెక్కపెట్టాలి.

అడ్వాంటేజ్ (ఫౌల్ జరిగినా ఆట ఆపకుండా సాగనివ్వడం) ఇచ్చిన తీరు, అసిస్టెంట్లతో కలిసి పనిచేసిన తీరు, ఆఖరి పావుగంటలో పరుగు తగ్గిందా లేదా, ఇవన్నీ గమనించండి.

మ్యాచ్ అయిపోగానే రిఫరీని తప్పులతో ముంచెత్తవద్దు. నీళ్లు తాగి కుదురుకోనివ్వండి. "34వ నిమిషంలో మీకేం కనిపించింది?" అని ముందు అడగండి. టెన్షన్ తగ్గితే చాలామంది తమ పొరపాటు తామే చెప్తారు. బాగా చేసినవి కూడా నిమిషంతో సహా చెప్పండి, ఎందుకంటే యువ రిఫరీలకు అది చాలా అవసరం. మార్కు మాత్రం అప్పుడే చెప్పొద్దు.

యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా వాడే పది మార్కుల పద్ధతిలో 8.3, 8.4 అంటే ఆశించిన స్థాయి. ఒక స్పష్టమైన పెద్ద తప్పు జరిగితే మార్కు 7.9కి గానీ ఇంకా కిందికి గానీ పడుతుంది, మిగతా మ్యాచ్ ఎంత బాగున్నా సరే. ఆ తప్పు లేకపోతే వచ్చేదెంతో కూడా పక్కన రాస్తారు, దాంతో రిఫరీ అసలు సత్తా తెలుస్తుంది. మీ లీగ్ ఫారమ్‌లో స్కేల్ వేరుగా ఉంటే దాన్నే పాటించండి. మ్యాచ్ ఎంత కష్టమైనదో కూడా లెక్కలోకి తీసుకోండి. ముందు రిపోర్ట్ మొత్తం రాయండి, అంకె చివర్లో వేయండి. అంకె ముందే వేసేస్తే రిపోర్ట్ దానికి తగ్గట్టు తయారవుతుంది.