అర్మీనియా చర్చిని చదవడం – 4వ పాఠం: బొమ్మ ఏ గోడ మీద ఉంది?

పోయిన పాఠంలో హ్రిప్సిమే చర్చి (618) ప్లాను గీశారు. చదరపు గది మీద గుండ్రటి గుమ్మటం ఎలా నిలుస్తుందో, బయటి గోడల్లో ముక్కోణపు గూళ్ళు ఎందుకు తొలిచారో చూశాం. ఈసారి ఆరు వందల ఏళ్ళు ముందుకు వచ్చి, గోడల లోపలి వైపు చూద్దాం. నేర్చుకోవలసింది ఒకటే: చిత్రాన్ని దాని గోడ నుంచి విడదీయకుండా చదవడం.

రంగులు నిండిన చర్చి ఫొటో చేతికి రాగానే చూపు ముఖాల మీదికి పోతుంది. పోనివ్వకండి. ముందు ఏ గోడ, ఎంత ఎత్తు అని చూడండి. తర్వాత పక్కన ఉన్న రాత ఏ లిపిలో ఉందో చూడండి. ‘ఇదెవరు?’ అన్న ప్రశ్న ఆఖరిది. కుడ్యచిత్రాలను ముక్కలుగా కత్తిరించి అచ్చువేసే పద్ధతి ఒకటి స్థిరపడిపోయింది కాబట్టి మనలో చాలామంది ఈ వరుసను తలకిందులుగా నేర్చుకున్నాం.

మన నమూనా ఆని నగరంలో తిగ్రాన్ హోనెంత్స్ అనే ధనిక వర్తకుడు కట్టించిన సెయింట్ గ్రిగోర్ చర్చి. ఆని ఇప్పుడు తుర్కియేలోని కార్స్ ప్రాంతంలో, అర్మీనియా సరిహద్దు మీద, అఖురియన్ నది లోయ అంచున శిథిలంగా ఉంది. 961లో అది బగ్రతూని వంశపు అర్మీనియా రాజుల రాజధాని అయింది. 1045లో బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చేతికి, 1064లో సెల్జుక్ తుర్కుల చేతికి పోయింది. 1199 ప్రాంతంలో జార్జియా రాణి తమార్ కొలువులోని సేనానులు, జకరే, ఇవానే అనే అన్నదమ్ములు దాన్ని పట్టుకున్నారు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

బయటి గోడతో మొదలు

రాయి టఫ్. అగ్నిపర్వతపు బూడిద గట్టిపడి ఏర్పడిన ఈ రాయి తేలిక, ఉలికి సులువుగా లొంగుతుంది. గోడకు లోపల, బయట చక్కగా చెక్కిన రాళ్ళు నిలిపి, నడుమ సున్నం, రాతిముక్కలు కలిపి నింపారు. ఆనిలో పైరాళ్ళు ఊడిపోయాక కూడా కొన్ని గోడలు మొండిగా నిలబడి ఉన్నాయంటే ఆ నడిమి ముద్ద బలమే.

చర్చి చుట్టూ గోడకు అంటుకున్న సన్నని జంట స్తంభాలు, వాటిని కలిపే కమానులు వరుసగా ఉంటాయి. ఆ కమానులు బరువేమీ మోయవు, అలంకారం మాత్రమే. కమానుల మధ్య మిగిలిన జాగాలో పక్షులు, జంతువులు, ఎక్కడా లేని వింత ప్రాణులు చెక్కారు. తూర్పు గోడలో రెండు ముక్కోణపు గూళ్ళు కనిపిస్తాయి. మూడో పాఠం చదివినవారు వాటి వెనక ఏముందో ఇట్టే చెప్పాలి: మధ్యలో బలిపీఠం ఉండే అర్ధవలయం, అటూ ఇటూ చిన్న గదులు.

ఇక దక్షిణపు గోడ బయట ఒక పొడవాటి అర్మీనియన్ శాసనం ఉంది. తిగ్రాన్ అందులో తానే మాట్లాడతాడు. నగర ప్రభువు జకరే, అతని కొడుకు షాహన్‌షాల పేర్లు చెప్పి, ఆ ప్రభుకుటుంబపు దీర్ఘాయువు కోసం కట్టించానంటాడు. రాళ్ళూ పొదలూ నిండిన ఈ చోటును సొంత సొమ్ముతో కొన్నానంటాడు. ఆ తర్వాత చర్చికి ఇచ్చిన ఊళ్ళు, దుకాణాలు, మిల్లుల జాబితా మొదలై సాగుతూనే ఉంటుంది. దానశాసనాలు చదివిన అలవాటున్న తెలుగువారికి ఈ ధోరణి కొత్త కాదు. దేవుడి ముందు వినయంగా ఉన్నా, ఆస్తి లెక్కలో ఒక్క వాటా కూడా వదలడు!

శాసనం తేదీ చదవడం ఈ పాఠంలోని చిన్న నైపుణ్యం. అర్మీనియన్ లిపిలో అక్షరాలే అంకెలు. మొదటి 36 అక్షరాలను తొమ్మిదేసి చొప్పున నాలుగు వరుసలు చేయండి: ఒకట్లు, పదులు, వందలు, వేలు. ఇక్కడి ఏడాది మూడు అక్షరాలు. ‘వో’ అంటే 600, ‘కెన్’ అంటే 60, ‘దా’ అంటే 4. మొత్తం 664. అర్మీనియన్ శకం క్రీ.శ. 552 జూలైలో మొదలైంది కాబట్టి 551 కలపాలి: 1215.

ఒక మెలిక ఉంది. ఆ పంచాంగంలో ఏడాదికి సరిగ్గా 365 రోజులే, అధిక దినం లేదు. అందుకని కొత్త సంవత్సరం నాలుగేళ్ళకు ఒక రోజు చొప్పున వెనక్కి జరుగుతూ వస్తుంది. 1215 నాటికి అది జనవరి చివరికి చేరింది. అందువల్ల మన 664 దాదాపు మొత్తంగా 1215లోనే పడుతుంది. వేరే శతాబ్దాల శాసనాలకు ఒక ఏడాది అటూ ఇటూ అవకాశం ఉంచుకోండి. హైదరాబాద్‌లో ఉన్నవారికి ఉప్పుగూడలోని పాత అర్మీనియన్ శ్మశానవాటిక ఉంది. అక్కడ 17వ శతాబ్దపు సమాధిరాళ్ళ మీద ఈ లిపిని నేరుగా చూడవచ్చు.

గోడలు పరిచి గీయడం

ఇప్పుడు కాగితం తీసుకోండి. మధ్యలో పొడవాటి దీర్ఘచతురస్రం గీయండి, తూర్పు మీ కుడిచేతి వైపు ఉండాలి. అట్టపెట్టె అంచులు విప్పి నేల మీద పరిచినట్టు నాలుగు గోడలనూ నాలుగు వైపులకు పడుకోబెట్టండి. నడుమ ఒక చతురస్రం, దానిలో ఒక వృత్తం గీయండి, అది గుమ్మటం. వృత్తానికి, చతురస్రపు మూలలకు మధ్య నాలుగు వంపు త్రికోణాలు మిగులుతాయి. గుమ్మటం బరువు కిందికి దిగేది ఆ త్రికోణాల మీదుగానే.

ఆని కథీడ్రల్‌లో గుమ్మటాన్ని మోసే స్తంభాలు గది నడుమ విడిగా నిలబడతాయి. ఇక్కడ అలా కాదు, మోసేవి గోడలకు అతుక్కునే ఉంటాయి. లోపలి జాగా ఒకే హాలులా తెరుచుకుంటుంది. చిత్రకారుడికి ఇంతకన్నా ఏం కావాలి? అడ్డులేని గోడలు, ఎక్కడ నిలబడినా చూపు అందే బొమ్మలు.

గీసిన కాగితం మీద ఇక పేర్లు రాయండి, పై నుంచి కిందికి. గుమ్మటంలో క్రీస్తు ఆరోహణం. అర్ధవలయం పైభాగంలో సింహాసనం మీద క్రీస్తు, ఆయనకు అటూ ఇటూ వేడుకుంటున్న మరియ, బాప్తిస్మమిచ్చే యోహాను. దాని కింద క్రీస్తు అపొస్తలులకు రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే దృశ్యం. ఇంకా కింద బిషప్పుల వరుస. ఈ క్రమం బైజాంటియం ప్రపంచమంతటా చెల్లిన క్రమం. రొట్టె పంచే బొమ్మ సరిగ్గా పూజారి రొట్టె పంచే చోటికి పైన ఉంది. దాన్ని కత్తిరించి ఇంకెక్కడ అచ్చువేసినా సగం అర్థం పోతుంది.

హాలు గోడల మీద క్రీస్తు జీవిత ఘట్టాలు. వీటిని గుర్తుపట్టడానికి కథంతా తెలియనక్కర లేదు, ఒక్కో దృశ్యానికి ఒక్క ఆనవాలు చాలు. గాడిద, దాని ముందు బట్టలు పరిచేవాళ్ళు ఉంటే యెరూషలేము ప్రవేశం. పడుకున్న స్త్రీ వెనక క్రీస్తు నిలబడి, గుడ్డల్లో చుట్టిన పసిబిడ్డ లాంటి ఆకారాన్ని ఎత్తుకుని ఉంటే అది మరియ మరణం, ఆ బిడ్డ ఆమె ఆత్మ.

పడమటి భాగానికి వస్తే కథ మారుతుంది. అక్కడ ఉన్నది గ్రిగోర్ జీవితం. అనాహిత్ దేవతకు పూలదండ వేయనన్నందుకు అర్మీనియా రాజు త్రదాత్ అతన్ని చిత్రహింసలు పెట్టి, ఖోర్ విరాప్ గోతిలో పడేశాడు. 13 ఏళ్ళు గడిచాయి. ఈలోగా తనను కాదన్న హ్రిప్సిమే అనే క్రైస్తవ కన్యను రాజు చంపించి, ఆ పాపానికి అడవిపంది రూపం పొందాడు. గ్రిగోర్‌ను పైకి తీస్తే రాజుకు నయమైంది, దేశం క్రైస్తవం పుచ్చుకుంది. సంప్రదాయం చెప్పే ఏడాది 301. భక్తులు నిలబడేది ఈ భాగంలోనే. తమ దేశం ఎలా మతం మారిందో ఆ కథ వాళ్ళ చుట్టూ ఉంటుంది. ఆ వరుసలోనే, కొంచెం ఊహించని చోట, జార్జియాకు క్రైస్తవం తెచ్చిన నినో కూడా కనిపిస్తుంది.

లిపి చూడండి

ఇక్కడ ఆగాలి. బయటి శాసనం అర్మీనియన్. లోపల చిత్రాల పక్కన పేర్లు మాత్రం జార్జియన్‌లో, గ్రీకులో ఉన్నాయి. అర్మీనియన్ వర్తకుడు, అర్మీనియన్ నగరం, అర్మీనియన్ సాధువు, పక్కన జార్జియన్ అక్షరాలు!

క్రీస్తులో దైవ, మానవ స్వభావాలు రెండూ ఉన్నాయని 451లో కాల్సిడాన్‌లో జరిగిన చర్చి పెద్దల సభ తీర్మానించింది. దాన్ని అర్మీనియా చర్చి ఒప్పుకోలేదు. జార్జియా ఒప్పుకుంది. 7వ శతాబ్దం మొదట్లో రెండూ విడిపోయాయి. అర్మీనియా చర్చి బొమ్మలను నిషేధించలేదు. ఆ శతాబ్దంలోనే వ్ర్తనేస్ కెర్తోఘ్ అనే అర్మీనియా మతపండితుడు వాటిని సమర్థిస్తూ రాశాడు, అరుచ్ చర్చిలో చిత్రాల ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కానీ గోడ నుంచి గుమ్మటం దాకా నింపడం అక్కడ అరుదు, జార్జియాలో మామూలు. ఆనిని పట్టుకున్న అన్నదమ్ముల్లో జకరే అర్మీనియా చర్చిలోనే ఉండిపోయాడు, ఇవానే జార్జియా వైపు మారాడు. 1215 నాటికి జకరే లేడు. అతని కొడుకు షాహన్‌షా పెరిగింది ఇవానే ఇంట్లో.

దీన్నిబట్టి తిగ్రాన్ కూడా మతం మారాడని కొందరు పండితులు అంటారు. ఆ మాట తొందరపాటేమో అని నా అనుమానం. అర్మీనియన్ చదివే ఊరివాళ్ళు బయట ఒక మాట వింటారు, జార్జియా ఆచారం పాటించే ప్రభువులు లోపల ఇంకొకటి చూస్తారు. రెండు వర్గాలతో బేరం నడిపే వర్తకుడికి ఇద్దరూ కావాలి. అయితే మీ కాగితం మీద ఈ నా అభిప్రాయం రాయవద్దు. ఏ గోడ మీద ఏ లిపి ఉందో మాత్రం రాయండి.

అభ్యాసం

ఈ చర్చి లోపలి ఫొటోలు ఆరు ఎంచుకోండి. ప్రతిదాన్నీ మీ విప్పిన పటంలో దాని చోట గుర్తు పెట్టండి. చోటు తెలియకపోతే కిటికీలు, కమాను వంపు, గోడ మూల చూసి తేల్చండి. ముఖాలు గీరేసిన బొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయో, మనిషి చేతికి అందే ఎత్తా కాదా అని విడిగా రాసుకోండి. రెండో లెక్క: ఆని కథీడ్రల్ శాసనంలో ఏడాది ‘నూ’ (400), ‘త్సా’ (50). అది క్రీస్తు శకంలో ఎంత?

వచ్చే పాఠం అఖ్తాలాలోని ఇవానే చర్చికి. ఈ పటం కాగితం దగ్గర పెట్టుకుని రండి, రెండు అర్ధవలయాలనూ పక్కపక్కన పెట్టి పోల్చాలి.